ముదిమియు మర్దనవిద్యయు

ముదిమి వచ్చినకొలది మనుష్యునకు చూపు తగ్గును, వినికిడి తగ్గును, పండ్లు సడలును. ఇవి యెల్లరు నెరిగినవే. వీనితోపాటు తగ్గునది మఱియొకటి కలదు. దానిని లెక్కించువారు తక్కువ. అది యితరుల చేతిస్పర్శ. శిశువును తల్లియు నమ్మమ్మయు దినమున కెన్నిసారు లెత్తుకొందురో లెక్కలేదు. ఎనుబదియేండ్ల వృద్ధురాలి చేయి పట్టుకొనువా రెవ్వరు? నాడి చూచుటకు వైద్యుడు, వీధి దాటించుటకు దయగల యొక బాటసారి. అంతియే.

ఈ కొఱతను మన పూర్వు లొకవిద్యచే తీర్చుకొనిరి. దానికి అభ్యంగనమని, మర్దనమని, సంవాహనమని పేర్లు. ఇంట నది తలంటు, వీధిలో నది మాలీసు. దాని చరిత్రను హైదరాబాదునందలి సంజీవరెడ్డినగర పరిసరములనుండి పరిశీలింపదలచితిమి. ఆంధ్రప్రదేశమునకు 1956లో ప్రథమ ముఖ్యమంత్రియై, 1977 మొదలు 1982 వఱకు రాష్ట్రపతియైన నీలం సంజీవరెడ్డిగారి పేర వెలసిన నగరమిది. దీని చుట్టును నాలుగు వైద్యపద్ధతులు కాపురమున్నవి. బల్కంపేటలో ప్రకృతిచికిత్సాలయము, ఎఱ్ఱగడ్డలో బూర్గుల రామకృష్ణరావుగారి పేరుగల ప్రభుత్వాయుర్వేద కళాశాలకు చెందిన వైద్యశాల, అచ్చటనే యూనానీ పరిశోధనసంస్థ, సనత్‌నగరువైపున కార్మికుల ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి. 2017లో మొదలైన మెట్రోరైలుమీద నివి రెండు మూడు స్టేషనుల దూరములోనివి. ఈ నాలుగింటి శాస్త్రములును రోగిదేహముపై చేయివేయుట నొక చికిత్సగా నంగీకరించినవే.

ఆయుర్వేదమును ముందుగా చూతము. చరకుడు తన సంహితయందలి సూత్రస్థానములో నూనె పట్టించిన కుండయు, తోలును, బండియిరుసును గట్టిపడునట్లు తైలాభ్యంగనముచే దేహము దృఢమగునని చెప్పెను. వాగ్భటుడు నిత్యాభ్యంగనమును విధించి, తలకును, చెవులకును, పాదములకును విశేషముగా జరుపవలెననెను. అది ముదిమిని, శ్రమను, వాతమును తొలగించునని యాతని మతము. వార్ధకము వాతప్రధానమైన దశ యనియు, వాతమునకు తైలము విరుగుడనియు వారి సిద్ధాంతము. అజీర్ణమున్నవారికిని, కఫపీడితులకును అభ్యంగనము తగదని కూడ వాగ్భటుడు నిషేధించెను. ఎప్పుడు చేయరాదో చెప్పనిచో నది శాస్త్రము కాజాలదు గదా! పదునొకండవ శతాబ్దమున ఇబ్నుసీనా తన వైద్యగ్రంథమున మర్దనమును గట్టిది, మెత్తనిది యని విభజించి, వృద్ధులకు మితమైనదే తగునని వ్రాసెను. యూనానీ హకీములు నేటికిని దానిని దలక్ అని పిలుతురు.

రాజుల కిది భోగము. కల్యాణిచాళుక్యుడగు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసములో రాజభోగములను వర్ణించుచు స్నానభోగమును చేర్చెను. సామాన్యుల కిది పండుగ. నరకచతుర్దశినాడును, భోగినాడును, ఉగాదినాడును నువ్వులనూనె తలకంటి, సున్నిపిండితో నలుగుపెట్టని తెలుగిల్లు మొన్న మొన్నటి వఱకు నరుదు. ఆ దినములయందు ఇంటిలోని పెద్దలకు పిల్లలును, పిల్లలకు పెద్దలును నూనె యంటుకొనెడివారు. ముసలివారిని తాకుటకు పంచాంగమే యొక మిష కల్పించినదన్నమాట.

అయితే, ఈ విద్యను వృత్తిగా పూనినవారి గతి యేమి? మృచ్ఛకటికమునందు సంవాహకుడను పాత్ర కలదు. పాటలీపుత్రమున గృహస్థుని కుమారుడై పుట్టి, కళగా నేర్చిన యంగమర్దనమే తుద కాతనికి జీవనాధారమగును. జూదమున చెడి, చివరకు భిక్షువగును. కళ కూలియగుటతో గౌరవము తొలగిపోవుట నా నాటకకర్త యానాడే గుర్తించెను. మన గ్రామములలో నీ విద్య మంగలివారి చేతిలో నుండెను. ఒళ్లు పట్టుటయు, నూనెపెట్టుటయు వారి పురుషుల పని. మంత్రసానితనమును, శిశువునకు బాలింతకు నూనెమర్దనలును తఱచుగా వారి స్త్రీల పని. హైదరాబాదులో తాలీంఖానాల పహిల్వానులు బెణుకులను చక్కదిద్దెడివారు. ఊరిలో నొప్పిపడిన ప్రతిదేహమును తెలిసిన యా చేతులకు, శుభకార్యమున ముందువరుసలో చోటులేదు. నొప్పి తీర్చునప్పుడు లేని మైల, నొప్పి తీరినపిమ్మట నెక్కడనుండి వచ్చెనో మన ధర్మజ్ఞులు చెప్పలేదు.

ఇదే విద్య సముద్రము దాటగా దాని దశ మాఱెను. 1759లో పాట్నాలో జన్మించిన షేక్ దీన్ మహమ్మదు ఇంగ్లండు చేరి, బ్రైటనునందు ఆవిరిస్నానముతో కూడిన మర్దనశాల నెలకొల్పెను. వాతనొప్పులవా రచ్చటికి వచ్చెడివారు. నాల్గవ జార్జి, నాల్గవ విలియము రాజుల కాతడు మర్దనవైద్యుడుగా నియుక్తుడయ్యెను. నొక్కుటయను నర్థముగల మన హిందీమాట 'చాంపో' యే ఇంగ్లీషున 'షాంపూ' యైనది. అనంతర మా మాట తలకు రుద్దు సబ్బునీటికి చెల్లి, చేతిపనిని మఱపించెను.

అచ్చటను కళంకము లేకపోలేదు. పందొమ్మిదవ శతాబ్దము చివర లండనున మర్దనశాలల పేర దుర్వ్యాపారము సాగుచున్నదని వైద్యపత్రికయే హెచ్చరించెను. అప్పుడు నలుగురు స్త్రీలు, వృత్తిని విడువక, 1894లో శిక్షణపొందిన మర్దనకారిణుల సంఘమును స్థాపించిరి. పరీక్షలు పెట్టిరి, నియమములు కట్టిరి. 1920లో దానికి రాజశాసనము లభించెను. నేటి ఫిజియోథెరపిస్టుల సంఘము దాని సంతతియే.

ఆ 1894వ సంవత్సరముననే తెలుగునాట నొక విశేషము జరిగెను. జర్మనీదేశస్థుడగు లూయీ కూనే జలచికిత్సాగ్రంథమును డి. వెంకటచలపతిశర్మగారు తెనిగించిరి. ఈ దేశమున ప్రకృతిచికిత్సోద్యమమునకు నాందియని యా యనువాదమును చెప్పుదురు. గాంధీమహాత్ముని యాదరమున నా యుద్యమము వ్యాపించెను; 1946లో నాయన ఉరులికాంచనునందు చికిత్సాశ్రమమును ప్రారంభించెను. 1949లో డాక్టరు బి. వెంకటరావుగారు హైదరాబాదున ప్రకృతిచికిత్సాలయమును నెలకొల్పిరి. బల్కంపేటలో మట్టిపట్టీలతోను, తొట్టిస్నానములతోను పాటు మర్దనము వైద్యశాలలో స్థానమును సంపాదించినది. పిదప నచ్చట వెలసిన గాంధీ ప్రకృతివైద్య కళాశాలలో ఈ విద్యకు విశ్వవిద్యాలయపు పట్టము కూడ లభించెను. మంగలివీధినుండి కళాశాలకు వచ్చిన యీ ప్రయాణమును మేము చిన్నదిగా నెంచము. కాని విద్యకు దొరకిన పట్టము, దానిని తరతరములు కాపాడిన చేతులకు దొరకలేదు.

మర్దనమువలన వృద్ధులకు నిజముగా గలుగు లాభ మెంత? అమెరికాలో మోకాటికీళ్ల యరుగుదలతో బాధపడు 222 మందిపై జరిగిన పరీక్ష 2019లో ప్రచురితమైనది. ఎనిమిది వారములు వారమున కొకసారి మర్దనము పొందినవారికి నొప్పియు బిగువును తగ్గినవి. ఏడాది ముగియునప్పటికి మాత్రము తక్కినవారికంటె విశేషమైన భేదము మిగులలేదు. నడుమునొప్పి విషయమునను వైద్యపరిశీలకులు స్వల్పకాలోపశమనమునే యంగీకరింతురు. కావున నూనెతో నరుగుడు పూడునని, పక్షవాతము మాయమగునని చెప్పువారి మాటలు నమ్మదగవు. అయినను, నాలుగుదినములు నొప్పిలేక నిద్రించుట డెబ్బదియేండ్లవాని కల్పలాభము గాదు.

అపాయములును కలవు. కాలిపిక్క యొక్కటి హఠాత్తుగా వాచి నొచ్చినచో నెత్తురు గడ్డకట్టి యుండవచ్చును, దానిని పిసుకరాదు. నెత్తురు పలుచబఱచు మందులు వాడువారికి గట్టినొక్కుడు తగదు. ఎముకలు గుల్లబాఱినవారి వెన్నుపై బరువు మోపరాదు. జ్వరమునందును, పుండ్లున్నచోటను చేయివేయరాదు. నూనె చిందిన స్నానాలగది నేల పెద్దలకు ప్రాణాంతకము. ఇవి తెలిసినవాని చేతనే పని చేయించుకొనవలెను.

తెలిసినవా డెట్లు దొరకును? మన కన్నులయెదుటి చిక్కిదియే. అమీరుపేటలో మెట్లెక్కినచోటెల్ల నేదో యొక శిక్షణాలయము కలదు. పరదేశోద్యోగమునకు వలయు ప్రతివిద్య యచ్చట లభించును. ఆ విద్యలు నేర్చి యువకులు విమానమెక్కిన పిమ్మట, ఇంట మిగిలిన తలిదండ్రుల కాలుపట్టు విద్య నేర్పువారు మాత్రము తక్కువ. మర్దనశాలయన్నంతనే యనుమానించుచున్నాము. ఆ యనుమానమునకు కొంత కారణమున్నను, విరుగుడు వెలివేత గాదు. లండనునందలి యా నలుగురు స్త్రీలు చూపినమార్గమే విరుగుడు: శిక్షణ, పరీక్ష, పట్టిక, న్యాయమైన కూలి.

ఇందులకు కావలసిన విద్యాస్థానములు సంజీవరెడ్డినగరము చుట్టు సిద్ధముగ నున్నవి. బల్కంపేట, ఎఱ్ఱగడ్డల వైద్యశాలలు వృద్ధసేవకై కొన్నినెలల మర్దనశిక్షణ నేర్పఱచి, వంశపరంపరగా నీ పని యెరిగినవారికి ముందుగా చోటిచ్చి, యోగ్యతాపత్ర మీయవచ్చును. ఇండ్లకు వచ్చి వృద్ధస్త్రీలకు సేవచేయుటకు స్త్రీలను తీర్చిదిద్దవచ్చును. వచ్చినవారిని కుర్చీవేసి కూర్చుండబెట్టుట గృహస్థుల వంతు.

ఇంటివారికిని కర్తవ్యము కలదు. 1998లో అమెరికాలో ప్రచురితమైన యొక చిన్న పరిశీలనయందు, శిశువులకు మర్దనముచేసిన వృద్ధులకే, తాము మర్దనము పొందినప్పటికంటె నెక్కువ మేలు కనబడెను. మనుమని కాళ్లకు నూనె రాయు నమ్మమ్మకు దీనిని పరిశోధకులు చెప్పనక్కఱలేదు. ఆ మనుమడు పెద్దవాడై, సెలవులకు వచ్చినపు డామె పాదములకు పావుగంట నూనె రాచినయెడల, ఋణము తీరకపోయినను, ఆ రాత్రి యామెకు నిద్ర పట్టును.