చేరిందెందరు, పట్టాతో బయటికొచ్చిందెందరు? కాలేజీని ఎంచుకునే ముందు చూడాల్సిన లెక్క

వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో ఇళ్లలో సాధారణంగా మూడు ప్రశ్నల మీదే చర్చ జరుగుతుంది. మన ర్యాంకుకు ఏ కాలేజీ వస్తుంది? ఫీజు ఎంత? ప్లేస్‌మెంట్లు ఎలా ఉన్నాయి? నాలుగో ప్రశ్న ఒకటుంది: మనలాంటి పిల్లలు ఆ కాలేజీలో చేరితే వాళ్లలో ఎందరు చదువు పూర్తి చేస్తున్నారు? చదువుకున్న కుటుంబాల్లో దీనికి జవాబు చుట్టాల ద్వారానో, అక్కడ చదివిన సీనియర్ల ద్వారానో తెలిసిపోతుంది. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కుతున్న దళిత విద్యార్థికి అలా చెప్పేవాళ్లు ఉండరు. బస్టాండు దగ్గరి ఫ్లెక్సీ, కాలేజీ పంచిపెట్టే బ్రోచర్ మాత్రమే దిక్కు.

చదువు మధ్యలో ఆగితే సీటుతో పాటు రెండు మూడేళ్ల వయసు, తల్లిదండ్రులు తెచ్చిన అప్పు కూడా పోతాయి. బకాయి కట్టేదాకా కాలేజీ బీరువాలో ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇరుక్కుపోతాయి. అందుకే ఈ నాలుగో ప్రశ్నకు జవాబును అంకెల్లో రాబట్టడం నేర్చుకోవాలి.

రెండు రేట్లు, రెండు అర్థాలు

మొదటిది రిటెన్షన్ రేటు, అంటే కొనసాగింపు శాతం. మొదటి ఏడాది చేరిన బ్యాచ్‌లో రెండో ఏడాది అదే కాలేజీలో చదువుతున్నవారు నూటికి ఎందరో ఇది చెబుతుంది. రెండోది గ్రాడ్యుయేషన్ రేటు. చేరిన బ్యాచ్‌లో డిగ్రీ పొందినవారు నూటికి ఎందరో చెబుతుంది. దీన్ని నిర్ణీత కాలంలో పూర్తిచేసినవారికి ఒకసారి, ఆలస్యంగానైనా పూర్తిచేసినవారికి మరోసారి లెక్కించాలి. నాలుగేళ్ల బీటెక్‌ను ఆరేళ్లకు ముగించిన విద్యార్థి ఓడిపోయినట్టు కాదు. అయితే ఆ అదనపు రెండేళ్ల హాస్టల్ ఖర్చు ఎవరు భరించారన్నది మాత్రం పెద్ద ప్రశ్నే.

ఈ రెంటికీ హారం ఒక్కటే: మొదటి రోజు చేరినవారి సంఖ్య. కాలేజీలు చెప్పే అంకెల్లో తేడా వచ్చేది ఇక్కడే.

ఒకే బ్యాచ్, నాలుగు అంకెలు

ఒక ఊహాత్మక ఇంజినీరింగ్ కాలేజీని తీసుకుందాం. మొదటి ఏడాది 120 మంది చేరారు, వారిలో ఎస్సీ విద్యార్థులు 18 మంది. రెండో ఏడాదికి వచ్చేసరికి ఆ 120 మందిలో 98 మంది మిగిలారు. డిప్లొమా పూర్తిచేసి ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏడాదిలో మరో 12 మంది చేరారు. తర్వాతి రెండేళ్లలో మొదటి బ్యాచ్ నుంచి ఇంకో 10 మంది తగ్గారు. చివరి ఏడాది పరీక్షలు రాసినవారు 100 మంది. పాసైనవారు 90 మంది, అందులో 11 మంది ఈసెట్ ద్వారా వచ్చినవారు.

కాలేజీ ఫ్లెక్సీ మీద 90 శాతం ఉత్తీర్ణత అని వేస్తుంది. అది అబద్ధం కాదు. పరీక్ష రాసిన 100 మందిలో 90 మంది పాసయ్యారు. ఈసెట్ వారిని కూడా హారంలో కలిపితే 132కు 90, అంటే 68 శాతం. మొదటి రోజు చేరిన 120 మందినే చూస్తే పూర్తిచేసింది 79 మంది, 66 శాతం. చేరిన 18 మంది ఎస్సీ విద్యార్థుల్లో 8 మందే సకాలంలో పట్టా అందుకున్నారనుకుంటే అది 44 శాతం. మిగతా 102 మందిలో 71 మంది పూర్తిచేశారు, అంటే దాదాపు 70 శాతం.

ఈ అంకెల్లో ఏదీ తప్పు కాదు. మన పిల్లల గురించి చెప్పేది మాత్రం ఆ 44, దాని పక్కనున్న 70. ఆ తేడా ఫ్లెక్సీ మీదికి రాదు.

అధికారిక పత్రాల్లో ఏముంటుంది?

న్యాక్ గుర్తింపు కోసం కాలేజీలు స్వీయ అధ్యయన నివేదిక ఇస్తాయి. చాలా కాలేజీల వెబ్‌సైట్లలో అది దొరుకుతుంది. అందులో ఉత్తీర్ణత శాతానికి వాడిన కొలత చివరి ఏడాది పరీక్ష రాసినవారిలో పాసైనవారి శాతం. మొదటి ఏడాదే వెళ్లిపోయినవారు అందులో కనిపించరు. రిజర్వుడు సీట్లు ఎంతమేరకు నిండాయన్న సమాచారం కూడా అదే నివేదికలో ఉంటుంది. దాన్ని కూడా చూడండి.

2016 నుంచి కేంద్రం ప్రకటిస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు సమర్పించే పట్టిక మరింత ఉపయోగపడుతుంది. మొదటి ఏడాది చేరినవారు, లేటరల్ ఎంట్రీ ద్వారా వచ్చినవారు, నిర్ణీత కనీస కాలంలో డిగ్రీ పొందినవారు, ఉద్యోగాలు వచ్చినవారు, పై చదువులకు వెళ్లినవారు ఇలా వేర్వేరు గడుల్లో ఉంటారు. కాలేజీ తన వెబ్‌సైట్‌లో ఈ పట్టిక పెట్టాలి. ప్లేస్‌మెంట్ శాతాన్ని కూడా ఇక్కడ సరిచూసుకోవచ్చు. డిగ్రీ పొందినవారిలో ఎంతమందికి ఉద్యోగం వచ్చిందన్నది ఒక లెక్క. చేరినవారిలో ఎంతమందికి వచ్చిందన్నది ఇంకో లెక్క.

ఇంజినీరింగ్ బ్రాంచీలకు ఎన్‌బీఏ గుర్తింపు ఉంటే, ఆ స్వీయ మదింపు నివేదికలో ఒక్క బ్యాక్‌లాగ్ కూడా లేకుండా సకాలంలో పూర్తిచేసినవారి లెక్క వేరుగా దొరుకుతుంది. అది దొరికితే తప్పకుండా చూడండి.

కులం కనిపించని పట్టికలు

ఎన్‌ఐఆర్‌ఎఫ్ పట్టికలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులందరినీ కలిపి ఒకే గడిలో చూపిస్తారు. అదీ ప్రస్తుతం చదువుతున్నవారి సంఖ్యే. డిగ్రీ పొందినవారిని సామాజిక వర్గాల వారీగా విడదీసి చూపించరు. ప్రవేశాల సంగతి మాత్రం బాగానే నమోదవుతుంది. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో ఎస్సీ విద్యార్థులు 2014-15లో 46.06 లక్షలు, 2021-22లో 66.23 లక్షలు. ఇది పోరాడి సాధించుకున్న పెరుగుదల. వాళ్లలో ఎందరు చివరిదాకా నిలిచారన్నది చేరినవారి సంఖ్యను బట్టి తెలియదు.

2023 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ సహాయ మంత్రి లోక్‌సభకు ఇచ్చిన సమాధానంలో కొంత బయటపడింది. అంతకుముందు ఐదేళ్లలో కేంద్ర విశ్వవిద్యాలయాల నుంచి 2,424 మంది, ఐఐటీల నుంచి 1,068 మంది, ఐఐఎంల నుంచి 188 మంది ఎస్సీ విద్యార్థులు చదువు వదిలేశారు. ఎస్టీ, ఓబీసీలతో కలిపి మొత్తం 13,626 మంది. విద్యార్థులకు అవకాశాలు ఎక్కువ ఉంటాయనీ, వేరే సంస్థలకో కోర్సులకో మారుతుంటారనీ ప్రభుత్వ వివరణ. కొందరు అలా మారి ఉండొచ్చు. మారినవారెందరు, చదువే ఆగిపోయినవారెందరు అన్నది ఆ అంకె చెప్పదు. పైగా అది సంఖ్య మాత్రమే, రేటు కాదు. ఒక్కో సంస్థలో ఎంతమంది చేరితే ఎంతమంది వదిలేశారో పక్కపక్కన పెడితేనే ఒక సంస్థను ఇంకోదానితో పోల్చగలం.

అమెరికాలో 1990 నాటి చట్టం వల్ల కాలేజీలు గ్రాడ్యుయేషన్ రేటును వెల్లడించాలి. నాలుగేళ్ల డిగ్రీకి ఆరేళ్లలో పూర్తిచేసినవారిని లెక్కిస్తారు, జాతుల వారీగానూ చూపిస్తారు. నల్లజాతి విద్యార్థి అక్కడ తన వర్గం రేటు చూసుకుని కాలేజీని ఎంచుకోగలడు. ఇక్కడ దళిత విద్యార్థికి ఆ వీలు లేదు. కాలేజీల వారీగా, కులాల వారీగా ఈ రేటును ప్రకటించాలన్నది మన సంఘాల డిమాండ్లలో చేరాల్సిన అంశం.

రేటు ఎక్కడ పడిపోతుంది?

ఎస్సీ విద్యార్థుల రేటు తక్కువగా ఉందనగానే మెరిట్ లేదనే మాట వస్తుంది. ఆ రేటు కాలేజీ పనితీరును కూడా కొలుస్తుందని ఆ మాట అనేవాళ్లు మరచిపోతారు. 2015లో ఐఐటీ రూర్కీ తక్కువ గ్రేడ్ల కారణంతో 70 మందికి పైగా మొదటి ఏడాది విద్యార్థులను తీసేసింది. వారిలో అత్యధికులు రిజర్వుడు వర్గాలవారు. నిరసనలు వచ్చాక వారికి మరో అవకాశం ఇచ్చింది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు మొదటి సెమిస్టర్‌లోనే ఇంగ్లిష్, లెక్కల తరగతులు విడిగా పెట్టే కాలేజీకీ, బ్యాక్‌లాగ్స్ పేరుకున్నాక ఇంటికి పంపే కాలేజీకీ రేటులో తేడా కనిపిస్తుంది.

డబ్బు మరో కారణం. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుంటే కాలేజీ ఆ ఒత్తిడిని విద్యార్థి మీదికి నెడుతుంది. హాల్‌టికెట్ ఆపుతుంది, టీసీ ఇవ్వదు. మెస్ చార్జీలు రాకపోతే పిల్లలు పనికి పోతారు, హాజరు తగ్గుతుంది. జేఎన్‌టీయూ నిబంధనల్లో 75 శాతం హాజరు కావాలి. తగిన కారణం చూపి కండోనేషన్ ఫీజు కడితే 65 శాతం వరకు మినహాయింపు ఉంటుంది. అంతకన్నా తగ్గితే డిటెన్షనే. హాజరు చాలకపోతే స్కాలర్‌షిప్ రెన్యువల్ కూడా చిక్కుల్లో పడుతుంది. ఆగిన డబ్బు వల్ల హాజరు పోతుంది, పోయిన హాజరు వల్ల డబ్బు మళ్లీ ఆగుతుంది.

చదువులో నిలబడాలంటే ముందు తలదాచుకోను చోటుండాలని అంబేడ్కర్‌కు తెలుసు. 1924లో ఆయన స్థాపించిన బహిష్కృత హితకారిణీ సభ తొలి పనుల్లో ఒకటి షోలాపూర్‌లో విద్యార్థుల హాస్టల్ తెరవడం.

వివక్ష మూడో కారణం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నెలల తరబడి ఫెలోషిప్ ఆగిపోయి, హాస్టల్ నుంచి వెలివేతకు గురై, 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్న రోహిత్ వేములను ఏ రిటెన్షన్ పట్టికలో వెతికినా ఒక అంకె తగ్గినట్టే కనిపిస్తుంది. ఆ అంకె వెనకున్న కారణాన్ని అడగాల్సింది మనమే.

ఎక్కువ రేటు ఉన్నా ఆగి చూడండి

వంద శాతం పూర్తిచేశారని చెప్పే కాలేజీలో అసలు ఎస్సీ విద్యార్థులు ఎందరున్నారో చూడండి. నలుగురే చేరితే ఒక్కరు వెళ్లిపోయినా రేటు 75కు పడుతుంది, నలుగురూ పాసైతే వందకు చేరుతుంది. అంత చిన్న సంఖ్య మీద తీర్పు ఇవ్వకూడదు. కనీసం మూడు బ్యాచ్‌లు కలిపి చూడాలి. సంక్షేమ హాస్టళ్లలో ఉండి చదివే పేద పిల్లలను ఎక్కువగా చేర్చుకునే ప్రభుత్వ డిగ్రీ కాలేజీని, ఏరి చేర్చుకునే కార్పొరేట్ కాలేజీతో నేరుగా పోల్చడమూ సరికాదు. ఒకే తరహా కాలేజీల మధ్య పోలిక పెట్టండి. ఒకే కాలేజీలో ఎస్సీ రేటుకు, మిగతావారి రేటుకు తేడా ఎంతో చూడండి.

అంకెలు రాబట్టే దారి

ప్రభుత్వ కాలేజీ, విశ్వవిద్యాలయమైతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు చేయొచ్చు. 30 రోజుల్లో సమాధానం రావాలి. రాకపోతే మొదటి అప్పీలు వేయాలి. ప్రైవేటు కాలేజీ అయితే అనుబంధ విశ్వవిద్యాలయాన్ని అడగండి. ఏదైనా చట్టం కింద ప్రభుత్వ సంస్థ ఒక ప్రైవేటు సంస్థ నుంచి తెప్పించుకోగలిగిన సమాచారం కూడా సెక్షన్ 2(ఎఫ్) పరిధిలోకి వస్తుంది.

అడగాల్సింది పేర్లు కాదు, సంఖ్యలు. గత మూడు బ్యాచ్‌లలో కోర్సుల వారీగా, సామాజిక వర్గాల వారీగా, ఆడపిల్లలు, మగపిల్లలు విడివిడిగా: చేరినవారు, రెండో ఏడాదికి వచ్చినవారు, డిటెయిన్ అయినవారు, టీసీ తీసుకున్నవారు, సకాలంలో డిగ్రీ పొందినవారు.

ఇంకో దారి కూడా ఉంది. స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లో ఫ్రెష్, రెన్యువల్ అని రెండు రకాలుంటాయి. ఒక కాలేజీలో ఈ ఏడాది ఎన్ని ఫ్రెష్, వచ్చే ఏడాది అదే బ్యాచ్‌కు ఎన్ని రెన్యువల్ అన్నది తెలంగాణలో ఎస్సీ అభివృద్ధి శాఖను, ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ శాఖను అడగొచ్చు. 40 ఫ్రెష్ తర్వాత 26 రెన్యువల్ ఉంటే ఆ 14 మంది ఏమయ్యారో వెతకాలి. కొందరికి ఆధార్, బ్యాంకు ఖాతా చిక్కులు ఉండొచ్చు. కాబట్టి ఇది ఆనవాలే, రుజువు కాదు.

కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు ఆఫీసును కొన్ని సంగతులు అడగండి. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే హాల్‌టికెట్ ఇస్తారా? ఒరిజినల్స్ ఉంచుకుంటారా? ఉంచుకోకూడదని 2018లోనే యూజీసీ చెప్పింది. 2012 యూజీసీ నిబంధనల ప్రకారం ఉండాల్సిన సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉన్నారా? తర్వాత గేటు బయట టీ కొట్టు దగ్గర మన సీనియర్లను కలవండి. మీతో చేరినవాళ్లలో ఇప్పుడు క్లాసులో లేనిదెవరు అని అడగండి.

విద్యార్థి సంఘాలు ఈ పని ఏడాది పొడవునా చేయొచ్చు. జిల్లాకు పది కాలేజీల చొప్పున జనవరిలో దరఖాస్తులు వేస్తే, అప్పీళ్లకు సమయం పోయినా కౌన్సెలింగ్ నాటికి కొన్నింటి సమాధానాలైనా చేతిలో ఉంటాయి. వచ్చిన అంకెలను ఒక పేజీలో వేసి సంక్షేమ హాస్టళ్లలో, గురుకుల జూనియర్ కాలేజీల్లో, అంబేడ్కర్ భవనాల్లో అంటించవచ్చు. సమాధానం ఇవ్వని కాలేజీల పేర్లు కూడా ఆ పేజీలోనే ఉండాలి.