డెబ్బయ్యవ ఏట కొత్త సంగీతం

వయసు పైబడిన కొద్దీ చాలామంది నోట వినిపించే మాట ఒకటి ఉంది: “పాటలంటే మా కాలం పాటలే!” ఈ అభిప్రాయానికి కారణం లేకపోలేదు. పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య కలిగిన అనుభవాలు మన స్మృతిలో మిగిలిన వాటికంటే గాఢంగా నిలుస్తాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఆ వయసులో విన్న పాటలు కూడా వాటితోపాటే నిలిచిపోతాయి. అంతమాత్రాన ఆ తరువాత మన చెవి మూసుకుపోతుందని భావించనక్కరలేదు. ఇందుకు ఇగోర్ స్ట్రావిన్‌స్కీ జీవితం చక్కని నిదర్శనం.

1882లో రష్యాలో జన్మించిన ఈ స్వరకర్త రచించిన ‘ది రైట్ ఆఫ్ స్ప్రింగ్’ నృత్యరూపకాన్ని 1913 మే 29న పారిస్‌లో తొలిసారి ప్రదర్శించినప్పుడు ప్రేక్షకులలో గొప్ప అలజడి రేగింది. ఎగతాళి, కేకలతో హాలు దద్దరిల్లింది. ఆనాడు కొత్తదనాన్ని సహించలేనివారు శ్రోతలు. నాలుగు దశాబ్దాల తరువాత ఆ పరీక్ష స్ట్రావిన్‌స్కీకే ఎదురైంది.

అప్పటికి ఆయన అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడ్డాడు. అదే నగరంలో ఆర్నాల్డ్ షోన్‌బెర్గ్ నివసించేవాడు. మన ఆధార షడ్జం వలె ఒక స్వరానికి ప్రాధాన్యం ఇవ్వక, స్థాయిలోని పన్నెండు స్వరస్థానాలనూ ఒక వరుసలో కూర్చి, దానిపై రచన సాగించే పద్ధతిని ఆయన ప్రవేశపెట్టాడు. ఇద్దరూ దశాబ్దానికి పైగా ఒకే నగరంలో ఉన్నా వారి మధ్య స్నేహం కుదరలేదు. 1951లో షోన్‌బెర్గ్ మరణించాడు.

స్ట్రావిన్‌స్కీకి సహాయకునిగా ఉన్న రాబర్ట్ క్రాఫ్ట్ అనే యువ సంగీత నిర్వాహకుడు షోన్‌బెర్గ్, వేబెర్న్‌ల రచనలను సాధన చేయించేవాడు. వృద్ధ స్వరకర్త ఆ సాధనలకు వెళ్లి కూర్చొని వినసాగాడు. తనలో సృజనశక్తి ఇంకిపోయిందేమోనని 1952లో ఆయన కంటతడి పెట్టినట్లు క్రాఫ్ట్ రాశాడు. అప్పుడాయన వయసు అరవై తొమ్మిది. ఆ వేదన ఆయనను విరమణ వైపు కాక అభ్యాసం వైపు నడిపించింది. కొత్త పద్ధతిని కొద్దికొద్దిగా తన రచనలలోకి తెచ్చుకున్నాడు.

1956 అక్టోబరులో, బెర్లిన్‌లో కచేరీ నిర్వహిస్తుండగా ఆయనకు పక్షవాతం సోకింది. అయినా అప్పటికి సగంలో ఉన్న ‘అగాన్’ను పూర్తి చేశాడు. అది 1957 జూన్ 17న, తన డెబ్బై అయిదవ పుట్టినరోజున, క్రాఫ్ట్ నిర్వహణలో తొలిసారి వినిపించింది. అందులో పాత బాణీ, కొత్త పద్ధతి పక్కపక్కనే వినవస్తాయి. ఎనభై నాలుగవ ఏట, 1966లో, ‘రిక్వియమ్ కాంటికల్స్’ వెలువడింది.

సంగీతం ఆయనకు పక్షవాతాన్ని నయం చేసిందని నేను చెప్పడం లేదు. అందుకు ఆధారం లేదు. ఈ చరిత్ర చెప్పే విషయం వేరు. ఆయన అపరిచిత సంగీతాన్ని ఒకసారి విని తీర్పు చెప్పలేదు, పదేపదే విన్నాడు. పరిచయం పెరిగిన కొద్దీ ఇష్టం పెరుగుతుందని 1968లో రాబర్ట్ జాయన్స్ అనే శాస్త్రజ్ఞుడు ప్రయోగపూర్వకంగా చూపాడు. పైగా, తనకంటే నలభై ఏళ్లు చిన్నవాడైన వ్యక్తి వెంట వెళ్లడానికి స్ట్రావిన్‌స్కీ సంకోచించలేదు.

మీరు కూడా మనవడో మనవరాలో వింటున్న పాటను వారి పక్కన కూర్చొని మూడు నాలుగు రోజులు వినండి. అందులో వారికి నచ్చినదేమిటో అడగండి. ఎన్నడూ వినని హిందుస్తానీ రాగమైనా, వేరే దేశపు వాద్యమైనా సరే. అప్పటికీ నచ్చకపోతే నష్టం లేదు.

ఒక వైద్య సూచన: వయసుతోపాటు మొదట తగ్గేది హెచ్చు శ్రుతిలోని ధ్వనులను వినే శక్తి. అందువల్ల ప్రతి కొత్త పాటా గోలగా, పదాలు అస్పష్టంగా తోస్తే, పాటను నిందించే ముందు వినికిడి పరీక్ష చేయించుకోండి. శబ్దం పెంచడం పరిష్కారం కాదు.