పాంబను వంతెన: నలభైఆరు రోజుల పని

రామేశ్వరం వెళ్ళివచ్చిన మన తెలుగువారిని పాత పాంబను వంతెన సంగతి అడిగితే, నూటికి తొంభైమంది ఓడకు దారి ఇవ్వడానికి రెండుగా విచ్చుకొని పైకి లేచే నడిమి భాగాన్ని గురించే చెబుతారు. ఆ భాగం వింతయినదే, కాదనను. అయితే ఆ వంతెన ప్రాణం అక్కడ లేదు. దానికి అటూ ఇటూ ఒకే తీరుగా సాగిపోయే చిన్న చిన్న గర్డర్లలో ఉన్నది. కిటికీలో కూర్చున్న యాత్రికుడు వాటిని చూసి విసుగుతో ఆవులిస్తాడు.

నేను రైల్వేలో గుమాస్తాను. నా చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. ఇంజనీర్లు రాయవలసిన విషయాన్ని నేను రాయడం సాహసమే. కాని మధురలో మూడు తరాలుగా కాపురముంటూ, పెద్దల కర్మలకు రామేశ్వరం పోయివస్తూ, ఈ వంతెనను పదిపన్నెండుసార్లు దాటినవాడిని గనుక పాఠకులు మన్నింతురుగాక.

పని 1911లో మొదలై, 1914 ఫిబ్రవరి 24న వంతెన మీద రాకపోకలు ప్రారంభమైనవి. పొడవు రెండు కిలోమీటర్లకు పైన. ఉప్పుగాలి, అలలు, నీటి అడుగున రాతి పరపులు, ఇటువంటి చోట మూడేండ్ల లోపల పూర్తి అయినదంటే కారణమేమి? రెండు స్తంభాల నడుమ ఎడమును పనివారు ఖానా అంటారు. ఓడదారి తప్ప తక్కిన ఖానాలు నూటనలభైకి పైగా ఉండగా, అన్నీ ఒకే కొలత, నలభై అడుగులు. కనుక గర్డరుకు ఒకే నమూనా. ఒకదానిని ఎత్తి కూర్చోబెట్టిన పద్ధతే తక్కినవాటికీ పనికివచ్చినది. కూలివాడు పదవ గర్డరు దగ్గర నేర్చుకున్న ఒడుపు వందవ గర్డరుదాకా చేతిలో ఉండిపోతుంది. ఖానాకొక కొలత పెట్టి ఉంటే ప్రతిచోటా పని మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చేది. మన రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1900లో పూర్తయిన హేవ్‌లాక్ వంతెన కూడా ఈ తీరుదే. 56 ఖానాలు, ఒక్కొక్కటి 150 అడుగులు.

దీనికి ఖర్చు లేకపోలేదు. ఖానా చిన్నదయితే స్తంభాలు పెరుగుతవి. సముద్రంలో ప్రతి స్తంభమూ ఒక యుద్ధమే. కాని ఆ రోజులలో సముద్రం మీద బరువులెత్తే సాధనాలు కొద్దివి. ఎత్తగలిగినంత గర్డరునే ఎంచుకోవడం బుద్ధిమంతుల పని.

ఇక అసలు పరీక్ష 1964లో వచ్చినది. డిసెంబరు 22 రాత్రి తుపాను ధనుష్కోటిని ఊరుతో సహా మింగివేసినది. ధనుష్కోటికి పోతున్న పాసింజరు రైలు ఉప్పెనలో కొట్టుకుపోయి, అందులోని వందమందికి పైగా ప్రయాణీకులు మరణించినారు. వారిని తలచుకోకుండా ఈ వంతెన మాట ఎత్తరాదు. వంతెన గర్డర్లు నూటికి పైగా సముద్రంలో పడినవి. ఎత్తుడు భాగమూ, స్తంభాలలో అధిక భాగమూ నిలిచినవి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ గర్డర్లు ఒకదానితో ఒకటి కలిపి బిగించినవి కావు. ప్రతిదీ తన రెండు స్తంభాల మీద తాను విడిగా కూర్చున్నది. అందుచేత పడిపోయినప్పుడు ముక్కలై మెలికలు తిరగకుండా చాలామట్టుకు విడివిడిగా పడినవి.

మరమ్మతుకు రైల్వే వారు ఆరు మాసాల గడువు పెట్టగా, దక్షిణ రైల్వే పై అధికారి దానిని మూడు మాసాలకు కుదించినారు. పని అప్పగించినది ముప్పైరెండేండ్ల శ్రీధరన్ గారికి, తరువాత కొంకణ రైల్వే, ఢిల్లీ మెట్రోలతో దేశమంతా ఎరిగిన ఆయనకే. మలయాళ దేశీయులైనా ఆయన ఇంజనీరింగు చదివినది మన కాకినాడ కళాశాలలో. ఈ మాట రాస్తున్నప్పుడు నాకు కొంచెం గర్వంగా ఉన్నదని ఒప్పుకుంటాను!

కొత్త గర్డర్లు ఎక్కడినుంచో తెప్పించి వేయాలంటే నెలలు పట్టేది. ఇంతలో అక్కడి జాలరులు పాత గర్డర్లు సముద్రం అడుగున ఫలానాచోట పడి ఉన్నవని చూపించినారు. పెద్ద చదువులవారికి తెలియని జాడ వలవేసేవాడికి తెలిసినది. వాటిని పైకి లాగి, బాగుచేసి, తిరిగి స్తంభాలకు ఎక్కించినారు. ఏ గర్డరు ఏ ఖానాదో వెదుకవలసిన పని లేదు. అన్నీ ఒకే కొలతవి గనుక దొరికినది దొరికినట్లు ఖాళీగా ఉన్న ఖానాలో వేయవచ్చును. యాభై ఏండ్ల క్రిందట గీసిన గీత ఆ రోజు అక్కరకు వచ్చినది. 46 రోజులలో వంతెన సిద్ధమైనది. శ్రీధరన్ గారికి రైల్వేమంత్రి పురస్కారం లభించినది. జాలరులకు ఏమి ముట్టినదో నేను చదివినచోట లేదు.

మా ఆఫీసులో ఒకే పనికి నాలుగు రకాల ఫారాలు ఉండేవి. ఒకటి అయిపోతే రెండవది పనికిరాదు. ఫారాలు వచ్చేదాకా కాగితం బల్లమీదే కూర్చునేది. ఆ విసుగులోనే ఈ వంతెన నాకు మొదట అర్థమైనది.

2007లో ఆ పాత వంతెన మీదనే బ్రాడ్‌గేజి రైళ్ళు నడిచినవి. ఉప్పుగాలి ఉక్కును తినడం మాత్రం ఆగలేదు. 2022 డిసెంబరులో రైళ్ళు ఆపివేసినారు. దాని పక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు, ప్రారంభమైనది. దీని నడిమి భాగం విచ్చుకోదు, 72.5 మీటర్ల ఖానా మొత్తం నిలువుగా లిఫ్టువలె 17 మీటర్లు పైకి లేస్తుంది. తక్కినవి 99 ఖానాలు, ఒక్కొక్కటి 18.3 మీటర్లు, అంటే అరవై అడుగులు. క్రేనుల శక్తి పెరిగినది గనుక ఖానా నలభైనుంచి అరవై అయి, స్తంభాలు తగ్గినవి. కొలత మారినా తొంభైతొమ్మిదికీ కొలత ఒకటే.

మొన్న సంక్రాంతికి పిల్లలతో పోయినప్పుడు మా చిన్నవాడు కిటికీలోనుంచి గర్డర్లు లెక్కపెట్టసాగినాడు. ముప్పై దాటగానే లెక్క తప్పినది. "అన్నీ ఒకేలాగున్నాయి నాన్నా, ఎట్లా లెక్కపెట్టేది?" అన్నాడు.