ఏ ఇంటికి పొమ్మంటారు?

మామిడి సొన పడితే చర్మం కాలినట్టు నల్లబడుతుంది. నూజివీడు చుట్టుపక్కల, ఆగిరిపల్లి, ముసునూరు, విస్సన్నపేట వైపు తోటల్లో పనిచేసే ఆడవాళ్ల చేతుల మీద ఆ మచ్చలు చూడొచ్చు. కాయ ముచిక తుంచి సొన కార్చడం, రసాలొకవైపు, బంగినపల్లులొకవైపు ఏరడం, గడ్డి పరిచి పేర్చడం వాళ్ల పని. అందుకే మావైపు ఏ ఆడమనిషి మొహం మీద మచ్చ కనిపించినా "సొన పడింది" అంటే సరిపోయేది. రెండో ప్రశ్న ఎవరూ వేసేవారు కాదు. చెంప మీద నాలుగు వేళ్లు అచ్చుపడ్డట్టు సొన ఎలా పడుతుందని నేను మా నాయనమ్మని అడిగింది 1978 వేసవిలో. నాకప్పుడు పదిహేనేళ్లు.

మా తోటని నాన్న పూత మీదే కౌలుకిచ్చేసేవారు. కౌలుదారు కాపలాకి పెట్టిన భార్యాభర్తలు కాపు అయిపోయేదాకా తోటలోనే పాకలో ఉండేవారు. ఆమెని మేం తోటకాడ పిన్ని అనేవాళ్లం. ఒక అర్ధరాత్రి ఆమె మా దొడ్డి తలుపు కొట్టింది. నాయనమ్మ ఏమీ అడక్కుండా చెంపకి కొబ్బరినూనె రాసి, చాప వేసి పడుకోబెట్టింది. తెల్లారాక నాన్న అరుగు మీదనుంచే, "ఏదో కోపంలో అంటాడు, కొడతాడు. నీ ఇంటికి నువ్వు పోమ్మా" అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆ రోజుల్లోనే హైదరాబాదులో పోలీసులు చేసిన దారుణం గురించి పేపరు పైకి చదివి, "వీళ్లని ఉరి తీయాలి" అని ఆవేశపడ్డ మనిషే. ఆ రెండు మాటలూ ఒకే నోటినుంచి వచ్చాయని నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

నాన్న చదివిన వార్త రమీజాబీ గురించి. 1978 మార్చి చివర్లో సెకండ్ షో సినిమా చూసి వస్తున్న ఆమెని నల్లకుంట పోలీసుస్టేషనుకి తీసుకుపోయి పోలీసులు అత్యాచారం చేశారు. రిక్షా తొక్కుకునే ఆమె భర్త అహ్మద్ హుస్సేన్‌ని కొట్టారు, అతను చనిపోయాడు. నగరం భగ్గుమంది. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేసింది. ఆ కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదనంతా ఒక్క విషయం చుట్టూనే తిరిగింది: ఈమె అసలు పెళ్లామేనా, ఏ ఇంటి మనిషి? ఆమె వ్యభిచారి అన్నారు, అతనితో పెళ్లి చెల్లదన్నారు. కమిషన్ ఆ మాటల్ని నమ్మలేదు, పోలీసులదే నేరమని తేల్చింది. కానీ విచారణ కర్ణాటకలోని రాయచూరుకి బదిలీ అయింది, 1981లో అక్కడి కోర్టు వాళ్లని వదిలేసింది.

మన చరిత్రలో రమీజాబీ పేరు మథుర పేరు పక్కనే ఉండాల్సింది. మథుర కేసులో 1978లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీద నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన బహిరంగ లేఖ దేశమంతా తెలుసు. నల్లకుంట మాత్రం మనమే గుర్తుచేసుకోవాలి. ఈ రెండు ఉద్యమాల ఒత్తిడి మీదే 1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీలో జరిగే అత్యాచారం వేరే నేరమైంది. అలాంటి కేసుల్లో నాకిష్టం లేదని స్త్రీ చెబితే కోర్టు ఆ మాట మీదే నిలబడాలన్నారు. అయినా అత్యాచారం కేసులో ఆమె "నడత" తవ్వడానికి వీలిచ్చే సాక్ష్యచట్టం నిబంధన పోవడానికి 2002 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. రమీజాబీని అడిగిన ప్రశ్నకి అన్నాళ్లూ చట్టం అండ ఉందన్నమాట.

498-ఎ కూడా 1983లోదే. భర్త, అతని బంధువులు పెట్టే క్రూరహింస మొదటిసారి నేరమైంది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. దాని గురించి మనం చాలా రాసుకున్నాం, దుర్వినియోగమనే గోల కూడా చాలా విన్నాం. నేను ఆగాలనుకుంటున్నది అదే ఏడాది జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన ఇంకో తీర్పు దగ్గర.

సినిమా నటి సరిత కేసు అది. హైస్కూలు వయసులో పెళ్లయింది, కొద్దికాలానికే విడిపోయారు. భర్త తనతో కాపురానికి పంపమని కడప సబ్‌కోర్టులో దావా వేశాడు. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ ఆ హక్కు ఇస్తుంది, దాంపత్య హక్కుల పునరుద్ధరణ అని దాని పేరు. నాన్న అరుగు మీద చెప్పిన "నీ ఇంటికి నువ్వు పో" అనే మాటనే కోర్టు ముద్ర వేసి చెప్పడం అది. జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఇష్టంలేని స్త్రీని కాపురానికి పొమ్మనడమంటే, తన శరీరం మీద, బిడ్డని కనాలా వద్దా అనేదాని మీద నిర్ణయాన్ని ఆమె చేతిలోంచి లాక్కుని రాజ్యం చేతిలో పెట్టడమే అన్నారాయన. మొగుడూపెళ్లాల పడకగదిని రాజ్యాంగం వెలుగులో చూసిన తీర్పు ఒక తెలుగు కోర్టునుంచి వచ్చింది. ఏడాది తిరిగేసరికి, 1984 ఆగస్టులో, సరోజ్‌రాణి కేసులో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చి, పెళ్లి విచ్ఛిన్నం కాకుండా కాపాడటానికి ఆ సెక్షన్ కావాలంది. 2019లో మళ్లీ విద్యార్థులు దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. పెళ్లిలో బలాత్కారాన్ని నేరం కాదని చెప్పే మినహాయింపునైతే న్యాయ సంహిత కూడా జాగ్రత్తగా దాచుకుంది.

ఇన్నేళ్లూ చట్టాలు ఎవరిని శిక్షించాలనే ఆలోచించాయి. ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకోవాలన్నది ఎవరికీ పట్టలేదు. దాన్ని పట్టించుకున్నది 2005 గృహహింస చట్టం. 2006 అక్టోబరు 26న అమలులోకొచ్చింది. ఇల్లు ఎవరి పేరు మీదున్నా సరే, కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. గెంటెయ్యకూడదు. కావాలంటే మేజిస్ట్రేటు అతన్నే బయటికి పొమ్మనొచ్చు, లేదా ఆమెకి వేరే ఇల్లు చూపించమని, అద్దె కట్టమని చెప్పొచ్చు. పెళ్లిలోని లైంగిక హింసని హింసగా పేర్కొన్న చట్టం కూడా ఇదే. అర్జీ అందిన మూడు రోజుల్లోపు మామూలుగా మొదటి వాయిదా పడాలి, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాదిదాకా జైలు, ఇరవైవేలదాకా జరిమానా. స్త్రీలకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం కిందే ఉంది. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి!

ఆచరణలో మన దగ్గర రక్షణాధికారి బాధ్యతని జిల్లా స్త్రీ శిశు సంక్షేమశాఖ ప్రాజెక్టు డైరెక్టర్లకే అదనపు పనిగా అంటగట్టారు. అంగన్‌వాడీల లెక్కల మధ్య హింస రిపోర్టు ఎప్పుడు రాస్తారు? అంతకన్నా పెద్ద దెబ్బ ఇల్లు దగ్గరే తగిలింది. చట్టం అమలులోకొచ్చిన రెండు నెలలకే, 2006 డిసెంబరులో, బాత్రా కేసులో సుప్రీంకోర్టు అత్తగారి పేరునున్న ఇంట్లో కోడలికి హక్కులేదంది.

ఆ తర్వాత కొన్నేళ్లకి, పచ్చళ్లకి కాయ ముక్కలు కొట్టే షెడ్డులో ఒక అమ్మాయి నాకు తన సంగతి చెప్పుకుంది. చేతి మీద మచ్చ చూపించి, "ఇది సొన కాదు మేడం" అంది. నేనడక్కుండానే. ఇల్లు అత్త పేరున ఉంది. ప్లీడరు ఆమెకి బాత్రా తీర్పు గురించే చెప్పాడు. అతని తప్పు కాదు, అప్పటికి చట్టమంటే అదే. ఇద్దరు పిల్లల్తో ఆ అమ్మాయి పుట్టింటి వసారాలోకి వెళ్లింది. 2020 అక్టోబరులో సతీశ్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు బాత్రా తీర్పు తప్పని ఒప్పుకుంది. మధ్యలో పద్నాలుగేళ్లు. ఆ పద్నాలుగేళ్లలో ఎంతమంది ఏయే వసారాల్లో బతికారో ఏ తీర్పులోనూ ఉండదు.

పుట్టింటి మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మన రాష్ట్రం దేశానికన్నా ముందే, 1986లో, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి సమానవాటా ఇచ్చింది, 1985 సెప్టెంబరు 5నుంచి వర్తించేట్టు. ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకి మాత్రం లేదు. నా పెళ్లి 1983లో అయింది. పెళ్లయిన కూతురికి తిరిగొచ్చే ఇల్లెందుకనే కదా ఆ షరతు! 2005 కేంద్ర సవరణ దాన్ని తీసేసింది. అది అమలైంది ఆ ఏడు సెప్టెంబరు 9న, గృహహింస చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది అదే నెల 13న. ఈ రెండు చట్టాలనీ మనం విడివిడి పాఠాలుగా చెబుతుంటాం. నాకవి అక్కాచెల్లెళ్లలా కనిపిస్తాయి. పుట్టింట్లో హక్కుగా ఒక గది ఉన్న స్త్రీని "నీ ఇంటికి నువ్వు పో" అంటే, ఆమె ఎటు నడవాలో తనే తేల్చుకుంటుంది.

నాన్న 2010లో పోయాక నా వాటాకి రెండెకరాల తోట వచ్చింది. తోటకాడ పిన్ని ఆ ఏడు కాపు అయిపోగానే భర్త వెనకే నెత్తిన మూటతో వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. ఆమె "ఇల్లు" కౌలు తీరేదాకా నిలిచే పాక. కాపు అయిపోతే అదీ లేదు. ఈ చట్టం చెప్పే ఉమ్మడి నివాసం కిందికి ఆ పాక వస్తుందా? అద్దె ఇల్లయినా, సొంతిల్లయినా అని చట్టం అంటుంది గానీ, అక్కడ కాపురమున్నట్టు ఆమె చేతిలో ఏ కాగితం ఉంటుంది? జీతం కూడా జంటకి కలిపి ఒకటే ఇస్తారు, అదీ అతని చేతికి.

పోయిన పూతకి కౌలు కాగితం రాసుకునేటప్పుడు కాపలావాళ్ల వివరాలు కూడా రాయమన్నాను. భర్త పేరు కింద భార్య పేరు, ఫలానా సర్వే నంబరు తోటలో పాకలో ఇద్దరూ ఉంటున్నారని, జీతం చెరిసగం ఎవరిది వాళ్లకే ఇవ్వాలని.

"ఆవిడ పేరెందుకమ్మా?" అన్నాడు కౌలుదారు.

"రాయండి" అన్నాను.

ఆమెని పేరడిగితే అతను తలగోక్కున్నాడు. తోటలోకెళ్లి కనుక్కొచ్చాడు.