చెరువు కట్ట

వాగుకో, వాననీరు దిగే పల్లానికో అడ్డంగా మట్టి పోసి, వెనక నీరు నిలిపే గట్టును చెరువు కట్ట అంటారు. తెలంగాణలో, రాయలసీమలో, ప్రకాశం, నెల్లూరు జిల్లాల మెట్ట ప్రాంతాల్లో వరి సాగు శతాబ్దాలుగా ఈ కట్టలను నమ్ముకునే నడిచింది. పొలానికి నీరు వదిలేది తూము. చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే రాతి కట్టడం అలుగు. దాన్నే తెలంగాణలో మత్తడి అని, రాయలసీమలో మరవ అని అంటారు. తూము కింద తడిసే పొలం ఆయకట్టు, నీరు నిలిచే నేల శిఖం, కట్ట తెగితే పడేది గండి. చెరువుల చరిత్ర రాసినవారు కట్టించిన రాజుల గురించే ఎక్కువ రాశారు, తెగకుండా కాపాడినవారి గురించి తక్కువ రాశారు. కట్ట పోయడం రెండేళ్ల పనైతే కాపాడడం వందల ఏళ్ల పని.

పోరుమామిళ్ల శాసనం

కట్టల భద్రత గురించి తెలుగు నేల మీద దొరికిన పాత ఆధారాల్లో అతి విలువైనది కడప జిల్లా పోరుమామిళ్లలో ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369లో అక్కడ అనంతరాజసాగరం అనే చెరువు కట్టించి, ఆ వివరాలను సంస్కృతంలో రాతి పలకల మీద చెక్కించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల కాలం పట్టిందని అందులో ఉంది. ఆ చెరువు ఇప్పటికీ ఉంది.

దానం చేసిన పుణ్యాన్ని చెప్పి ఊరుకునే శాసనాలు వేలల్లో ఉన్నాయి. ఇది మాత్రం చెరువు ఎలా కట్టాలో చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలంటుంది. జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకమట్టి నేల, తీపి నీటి ఏరు, ఆ ఏటిని తాకే రెండు కొండ కొనలు, వాటి మధ్య మరీ పొడవు కాని దిట్టమైన కట్ట, లోతూ వెడల్పూ ఉన్న గర్భం, దగ్గర్లో పొడవైన రాళ్లు దొరికే గని, పని నేర్చిన మనుషులు వాటిలో ముఖ్యమైనవి. తర్వాత ఆరు దోషాలు చెబుతుంది: కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ తాబేటి వీపులా మిట్ట ఉండడం, నీరు తక్కువై పారాల్సిన పొలం ఎక్కువ కావడం, నీరు ఎక్కువై పొలం తక్కువ కావడం.

ఊటను మొట్టమొదటి దోషంగా చెప్పడం ఊరికే జరిగింది కాదు. మట్టికట్ట చావు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. సరిహద్దు సంగతి మొదట చదివినప్పుడు రాజనీతిలా తోస్తుంది. అదీ భద్రతకు సంబంధించినదేనని ఆరున్నర శతాబ్దాల తర్వాత, 2024లో పెదవాగు కట్టకు గండి పడినప్పుడు తేలింది.

గొలుసుకట్టు

చెరువు తవ్వించడం పుణ్యమిస్తాయని నమ్మే ఏడింట, అంటే సప్తసంతానాల్లో, ఒకటి. కాకతీయుల కాలంలో రాజులతోపాటు సామంతులు, సేనానులు కూడా ఆ పని చేశారు. గణపతిదేవుని ఏలుబడిలో జగదాల ముమ్మడి కట్టించిన పాకాల, రేచర్ల రుద్రుడి పాలంపేటలోని రామప్ప చెరువు నేటికీ పొలాలు తడుపుతున్నాయి. పెద్ద చెరువుల చుట్టూ ఊరూరా కుంటలు, చెరువులు వెలిశాయి. పై చెరువు అలుగు నీరు కింది చెరువులోకి, దాని అలుగు మరో చెరువులోకి చేరేలా కట్టిన ఈ వరసను గొలుసుకట్టు అంటారు. ఒక్క చుక్క వృథా కాని ఏర్పాటు ఇది. అపాయం కూడా ఈ గొలుసులోనే ఉంది. పై కట్ట తెగితే ఆ నీరంతా ఒక్కసారిగా కింది కట్ట మీద పడుతుంది. అంత నీటికి కింది అలుగు చాలదు.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచినప్పుడు జరిగింది ఇదే. కుంభవృష్టికి తోడు ఎగువన చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగాయి. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఈ గండ్ల పాత్రను గుర్తించి, నగరానికి ఎగువన వరద నిలిపే జలాశయాలు కట్టాలని సూచించాడు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే.

గండి భయం ఎంత లోతైనదో కథలు చెబుతాయి. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం కట్ట తెగబోతే ఊరి కోడలు ముసలమ్మ ప్రాణమిచ్చి ఆపిందని జనం చెప్పుకున్న కథను కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ కావ్యంగా రాశాడు. తెలంగాణలో కట్టను కాచే దేవత కట్టమైసమ్మకు కట్ట మీద గుడి లేని చెరువు అరుదు.

నీరటి

కట్టను రోజూ చూసే మనిషి నీరటి. కొన్నిచోట్ల నీరుగట్టు అంటారు. తూము తీయడం, మూయడం, మడి మడికీ నీరు పంచడం, వానాకాలం రాత్రుళ్లు కట్ట మీద తిరగడం అతని పని. పంట నుంచి మేర గింజలో, కొంత మాన్యమో అతనికి దక్కేవి. చెరువు కట్టినవారికి, మరమ్మతు చేసేవారికి దశబంధ ఇనాములు అనే మాన్యాలు ఉండేవి. ఏటా ఆయకట్టు రైతులు కలిసి చేసే మరమ్మతు పని కుడిమరామత్తు. ఈ ఏర్పాటును అతిగా పొగడకూడదు. కట్ట మీద తట్ట మోసినవారిలో వెట్టి చేసినవారే ఎందరో ఉన్నారు. నీరటి పని కూడా వంశపారంపర్యంగా, కులాన్ని బట్టి అంటగట్టిన కొలువే. అయినా రాత్రి కట్ట మీద ఒక మనిషి ఉండేవాడు.

కుడిమరామత్తు సన్నగిల్లడం చూసిన మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టం తెచ్చింది. కట్టకు గండి పడబోతుంటే ఊరివాళ్లు పనికి రావాల్సిందేనని దాని సారాంశం. 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలుపెట్టి ఒక్కో చెరువును కొలిచి, కట్ట ఎత్తు, అలుగు పొడవు లెక్కగట్టారు. ఎంత పరీవాహక ప్రాంతానికి ఎంత వరద వస్తుందో అంచనా వేసే రైవ్స్ సూత్రం ఆ రోజులదే. దక్షిణాది చెరువుల అలుగులకు నేటికీ అదే వాడుతున్నారు. స్వాతంత్ర్యం తర్వాత ఇనాముల రద్దు చట్టాలు, 1984లో వంశపారంపర్య గ్రామోద్యోగాల రద్దు పాత కట్టుబాట్లను తీసేశాయి. రద్దు న్యాయమైనదే. కానీ ఆ పని చేసే మనిషిని చాలా ఊళ్లలో మళ్లీ ఎవరూ పెట్టలేదు. బోర్లు వచ్చాక రైతు చూపు కూడా చెరువు మీంచి తప్పుకుంది.

కట్ట ఎలా తెగుతుంది

మట్టికట్ట మీంచి నీరు పొర్లకూడదు. పొర్లితే బయటి వాలు మెట్లు మెట్లుగా కోసుకుపోయి, కొద్ది గంటల్లోనే గండి పడుతుంది. అందుకే కట్టకు అసలు రక్షణ అలుగు. దాన్నే మనం ఎక్కువగా పాడు చేస్తున్నాం. మరికొంత నీరు నిలుపుదామని అలుగు మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. చేపలు పోకుండా వలలు కడితే వాటికి చెత్త పట్టి దారి మూసుకుంటుంది. అలుగు వాగును దున్ని పొలంలో కలుపుకుంటారు. శిఖంలో పంట మునుగుతుందని కట్టనే కోసిన సందర్భాలూ ఉన్నాయి.

రెండో దారి లోపలి నుంచి వస్తుంది. ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బొక్కలు, చచ్చిన తుమ్మ వేళ్లు కుళ్లి వదిలిన సొరంగాలు, తూము రాతికీ మట్టికీ మధ్య వదులైన అతుకు నీటికి దారిస్తాయి. నీరు బయటి వైపు నుంచి మట్టి రేణువులను లాక్కుపోతూ వెనక్కి తొలుస్తుంది. దీన్నే బుంగ పడడం అంటారు. తేటగా ఊరే నీటితో వెంటనే భయం లేదు, రోజూ గమనిస్తే చాలు. అదే ఊట ఎర్రగానో బురదగానో మారితే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. ఇక వ్యవధి గంటల్లోనే ఉంటుంది.

అప్పుడు చాలామంది చేసే పొరపాటు బయటి బుంగను బంకమట్టితో మూయడం. లోపల ఒత్తిడి పెరిగి నీరు పక్కన ఇంకో దారి తొలుస్తుంది. బయట ఇసుక, దాని మీద కంకర, ఆపైన రాళ్లు పరచాలి: నీరు పోవాలి, మట్టి పోకూడదు. బుంగ చుట్టూ ఇసుక బస్తాలు బావి ఒరలా పేరిస్తే లోపల నీరు నిలిచి ఒత్తిడి తగ్గుతుంది. లోపలి వైపు నోరు దొరికితే గడ్డి, బంకమట్టి బస్తాలతో అక్కడ మూయాలి. ఈలోగా దిగువ ఊళ్లను ఖాళీ చేయించాలి. తూము ఎత్తి నీరు తగ్గించాలి, కానీ మరీ వేగంగా దించితే తడిసిన లోపలి వాలు జారిపోతుంది.

పూడికతీతలోనూ జాగ్రత్త కావాలి. 2015 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులు, కుంటలను లక్ష్యంగా పెట్టుకుంది. ఒండ్రు పొలాలకు చేరింది, అనేక కట్టలు గట్టిపడ్డాయి. అయితే కట్ట మొదట్లోనే లోతుగా తవ్వితే కింద పరుచుకున్న బంకమట్టి పొర తెగి ఊట పెరుగుతుంది. మట్టిని కట్టకు దూరంగానే తీయాలి.

ఇటీవలి గండ్లు

2005 అక్టోబరు 29న నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర ఎగువ చెరువు తెగిన నీటికి చిన్న రైలు వంతెన కొట్టుకుపోయి, డెల్టా ఫాస్ట్ ప్యాసింజర్ వాగులో పడింది. వందమందికి పైగా చనిపోయారు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో మొదట పింఛ, తర్వాత చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగాయి. మందపల్లి, పులపుత్తూరు వంటి ఊళ్ల మీద నీరు పడింది. ఐదు గేట్లలో ఒకటి లేవలేదు. పై కట్ట కింది కట్టను తెంచడం అనే గొలుసుకట్టు అపాయమే మళ్లీ కనిపించింది.

2024 జులైలో అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెదవాగు కట్టకు గండి పడింది. కట్ట తెలంగాణలో ఉంది, ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. రాష్ట్రం విడిపోయాక మరమ్మతు ఖర్చు ఎవరు ఎంత పెట్టాలన్న ప్రశ్న ఏళ్లపాటు నానింది. రెండు రాజ్యాల సరిహద్దు చెరువును దోషంగా ఎంచిన శాసనకర్తకు ఈ గండి కారణం విడమరిచి చెప్పనక్కర్లేదు.

2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లకు పైబడిన కట్టలకు, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల కట్టలకు వర్తిస్తుంది. ఊరి చెరువుల్లో చాలావాటి కట్టలు అంత ఎత్తుండవు. అందువల్ల వాటి తనిఖీకి ఈ చట్టం అండ లేదు. నీటిపారుదల శాఖ తరఫున తూములు, కాలువలు చూసే లష్కరు ఉన్నచోట ఉన్నాడు, లేనిచోట లేడు. ప్రతి ఆయకట్టు ఊరికీ జీతమిచ్చి ఒక నీరటిని పెట్టాలి, ఏ కులంవారైనా సరే, పని నేర్పి పెట్టాలి. మృగశిర కార్తెకు ముందే రైతులు కట్ట పొడవునా నడిచి చూడాలి, అలుగు వాగుకు అడ్డం తీయించాలి, ఎగువ ఊరి నీరటి ఫోన్ నంబరు కింది ఊరి నీరటి దగ్గర ఉండేలా చూసుకోవాలి.