అలేసియా: యుద్ధం అయిపోయాక ఆ ఊళ్ళో ఏం జరిగింది?

అలేసియా అని సెర్చ్ చేస్తే మీకు మొత్తం యుద్ధమే కనిపిస్తుంది. క్రీ.పూ. 52లో జూలియస్ సీజర్ ముట్టడి, గాల్ తెగల నాయకుడు వెర్సింజెటోరిక్స్ లొంగిపోవడం. దాని మీద వీడియోలు బోలెడున్నాయి. నేను ఈరోజు చెప్పేది ఆ ఊరివాళ్ళ గురించి.

ఇప్పటి ఫ్రాన్స్‌లో, బర్గండీ ప్రాంతంలో, అలీజ్ సెంట్ రేన్ అనే చిన్న ఊరి పక్కన ఒక కొండ ఉంది. అలేసియా ఆ కొండ మీదే ఉండేది. అక్కడివాళ్ళు మాండూబీలు అనే చిన్న తెగ. వెర్సింజెటోరిక్స్ తన సైన్యంతో వచ్చి వాళ్ళ ఊళ్ళో తలదాచుకున్నాడు. సీజర్ కొండ చుట్టూ కందకాలు తవ్వించి దారులన్నీ మూసేశాడు. లోపల గింజలు అయిపోతున్నాయి. అప్పుడేం చేశారో తెలుసా? మాండూబీలనే పిల్లాజెల్లాతో సహా బయటికి గెంటేశారు! చోటిచ్చిన ఇంటివాళ్ళనే చుట్టాలు వెళ్ళగొట్టినట్టు. వాళ్ళు రోమన్ల దగ్గరికెళ్ళి, బానిసలుగానైనా తీసుకోండి, తిండి పెట్టండి అని ఏడ్చారు. సీజర్ రానివ్వొద్దన్నాడు. ఇది రాసింది సీజరే. తర్వాత వాళ్ళేమయ్యారో ఆయన చెప్పలేదు. రెండు సైన్యాల మధ్యే చచ్చిపోయారని తర్వాతి కాలపు చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు.

ఇక్కడితో ఆ ఊరి పని అయిపోయిందనే నేనూ అనుకున్నా. కానీ రోమన్ పాలనలో అదే కొండ మీద మళ్ళీ ఊరు లేచింది. చిన్నదే, కానీ థియేటర్ ఉంది, ఫోరమ్ అనే కూడలి ఉంది. ఆ పరిసరాల్లోనే లోహం పనివాళ్ళు ఉండేవాళ్ళు. తవ్వకాల్లో కొలిములు, లోహం కరిగించే మూసలు, పోత పోసే అచ్చులు, చిట్టెం బయటపడ్డాయి.

వాళ్ళ పేరు రోమ్ దాకా పాకింది. క్రీ.శ. 79లో వెసువియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయిన ప్లీనీ తన పుస్తకంలో ఈ ఊరి ప్రస్తావన తెచ్చాడు. కంచు మీద తగరం పూత వేసే పని గాల్‌వాళ్ళు కనిపెట్టిందని, వెండికీ దానికీ తేడా తెలియదని ఆయన రాశాడు. తగరం పూతంటే మనకి తెలిసిందే, కళాయి! ఇత్తడి గిన్నెని బాగా కాల్చి, తగరం రాసి, గుడ్డతో రుద్దితే లోపల తెల్లగా మెరుస్తుంది. మా నానమ్మ ఇప్పటికీ కళాయి లేని ఇత్తడి గిన్నెలో చారు పెట్టనివ్వదు. అలేసియావాళ్ళు ఇంకో మెట్టెక్కి, తగరం బదులు నిజం వెండే పూయడం మొదలెట్టారు. ఎక్కువగా గుర్రాల అలంకరణ సామానుకి.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చింది 1839లో అక్కడ దొరికిన ఒక రాయి. క్రీ.శ. ఒకటో శతాబ్దంది. దన్నోతలోస్ కొడుకు మార్షియాలిస్ అనే ఆయన, ఉకుఎటిస్ అనే దేవుడికి ఒక కట్టడం ఇచ్చానని దాని మీద చెక్కించాడు. అలీసియాలో ఆ దేవుణ్ణి కొలిచే లోహం పనివాళ్ళ ప్రస్తావన కూడా ఉంది. పేర్లు గమనించారా? తండ్రిది గాల్ పేరు, కొడుకుది పక్కా రోమన్ పేరు. చెక్కిన అక్షరాలు రోమన్‌వి, భాష మాత్రం గాల్‌వాళ్ళది. మనం వాట్సాప్‌లో తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో కొడతాం చూడండి, అచ్చం అలాగే. 1908లో అదే దేవుడి పేరున్న కంచు పాత్ర ఒకటి, ఒక పెద్ద కట్టడం కింద ఉన్న నేలమాళిగలో దొరికింది. మార్షియాలిస్ ఇచ్చింది ఆ కట్టడమే అని చాలామంది పండితుల అభిప్రాయం.

ఆ రాయి మీద పనివాళ్ళకి వాడిన మాట ‘గోబెద్బి’. గాల్ భాష తర్వాత కొన్ని శతాబ్దాల్లో పూర్తిగా పోయింది. ఆ మాటకి చుట్టాలు మాత్రం మిగిలాయి. పాత ఐరిష్‌లో కమ్మరిని ‘గోబ’ అంటారు, వేల్స్ భాషలో ‘గోవ్’ అంటారు.

ఈరోజు ఆ కొండ మీదికెళ్తే వెర్సింజెటోరిక్స్ పెద్ద విగ్రహం కనిపిస్తుంది. మూడో నెపోలియన్ 1865లో పెట్టించాడు. మార్షియాలిస్ రాయి దొరికింది దానికి 26 ఏళ్ళ ముందే.