నిర్బంధం

సంస్కృతంలో ‘నిర్బంధం’ అంటే పట్టుదల, పట్టుబట్టి అడగడం. తెలుగులో దానికి బలవంతం అన్న అర్థం వచ్చింది: నిర్బంధ విద్య, గృహనిర్బంధం, నిర్బంధ చికిత్స. ఇంగ్లండ్‌లో 2008 నుంచి, ఇంటికి పంపిన మానసిక రోగికి వైద్యులు ఉత్తర్వుతో షరతులు పెట్టి, అవసరమైతే ఆసుపత్రికి వెనక్కి పిలిపించవచ్చు. దాన్ని మొదట సమర్థించిన మానసిక వైద్యుడు టామ్ బర్న్స్, ఆసుపత్రిలో మళ్లీ చేరేవాళ్లు తగ్గలేదని 2013లో తన పరిశోధనే చూపాక మనసు మార్చుకున్నారు. ఎంత నిజాయితీ! మన 2017 మానసిక ఆరోగ్య చట్టంలో అలాంటి ఉత్తర్వు లేదు. గొలుసులతో కట్టేయడాన్ని అది నిషేధించింది. కాట్రేనికోనలో ఓ తల్లి, మందులు మానేసిన కొడుక్కి పెరుగన్నంలో మాత్ర కలిపి పెడితే అదీ నిర్బంధమే. కానీ ఆమెను నేను తప్పుపట్టలేను. విశాఖ మానసిక ఆసుపత్రి దాకా పరుగెత్తే పని లేకుండా, నెలనెలా ఊళ్లోకే వచ్చి ఆ అబ్బాయితో మాట్లాడే డాక్టరు ఆమెకు కావాలి.